వేంకటేశము ఏమయ్యెను?

గడచిన వేసవిలో మనుబోలున ఒక మిత్రుని యింటి వసారాలో కూర్చుండి, సాయంకాలముల యందు ఆ వీథి బాలురు పదిమందికి మేము కన్యాశుల్క నాటకమును చదివి వినిపించితిమి. గూడూరునకును నెల్లూరునకును నడుమ, రైలుదారియు జాతీయ రహదారియు సాగిపోవు చోట నున్న ఊరది. సెలవు దినములలో అచ్చటి బాలురకు రహదారి ప్రక్కనున్న టీకొట్టు ఒక బడి. చేతిలోని సెల్‌ఫోను మఱియొక బడి. ఆ రెంటిని విడిచి వారు మా వసారాకు వత్తురా యని మొదట సందేహించితిమి. వచ్చిరి. గిరీశము నోరు తెఱచినప్పుడెల్ల ఒకరినొకరు పొడుచుకొని నవ్విరి. చివరి అంకము ముగించి పుస్తకము మూసిన సాయంకాలమున, వారిలో అందఱికంటె తక్కువ మాటలాడు బాలుడొకడు, "అయితే ఆ పిలకాయ ఏమైనాడు సార్?" అని యడిగెను. ఏ పిలకాయ యంటిమి. "వెంకటేశం సార్. అందరి సంగతీ తేల్చినారు గదా. వాడి సంగతి ఎవురూ అడగలేదే!" అనెను.

మేము బదులు చెప్పలేకపోతిమి. ఏండ్ల తరబడి ఈ నాటకమును చదువుచున్నవారము. దానిని గుఱించి సభలలో ప్రసంగించినవారము. అయినను ఈ ప్రశ్న మాకెన్నడును తట్టలేదు. పుస్తకము మరల తిప్పి చూచితిమి. చివరి అంకమున విశాఖపట్టణమున ఎందఱో కూడుదురు. బుచ్చమ్మ గతి తేలును, గిరీశము రంగు బయటపడును, మధురవాణి తన మాట చెప్పును. వేంకటేశము మాత్రము కానరాడు. ఈ వ్యాసము ఆ బాలునకు మేము పడిన బాకీ.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శితమైనది, 1897లో అచ్చుపడినది, 1909లో గురజాడ అప్పారావుగారు దానిని చాలవఱకు తిరిగి వ్రాసి, పెంచి, ప్రకటించిరి. నేడు మనము చదువునది ఆ రెండవ కూర్పు. దానిని గుఱించి విమర్శకులు వ్రాసినదంతయు పోగుచేసినచో నాటకముకంటె ఎన్నో రెట్లగును. కన్యావిక్రయమును, బాల్యవివాహమును, వితంతువుల దుర్దశను, వేశ్యాసమస్యను, వ్యావహారిక భాష యొక్క శక్తిని విమర్శకులు చర్చించిరి. అవి యన్నియు యథార్థములే. కాని స్త్రీల బాధలను చూపుటకై వ్రాసిన ఈ నాటకమున, ఆ బాధలు పెట్టు పురుషులు ఎట్లు తయారగుదురో చూపు కథ యొకటి లోలోపల నడచుచున్నది. లుబ్ధావధానులును, రామప్ప పంతులును, గిరీశమును పుట్టుకతోనే అట్టివారు గారు. వారును ఒకప్పుడు బాలురే. వారి కెవరు ప్రక్కన కూర్చుండిరో, ఎవరు కూర్చుండలేదో మనకు తెలియదు. వేంకటేశము విషయమున మాత్రము తెలియును. ఆ పని మన కన్నుల యెదుటనే జరుగుచున్నది.

మొదటి అంకమును నవ్వక ఒకమాఱు చదువుడు. వేంకటేశము పరీక్ష తప్పినాడు. ఇంటికి పోయిన తండ్రి తన్నునని వానికి భయము. గిరీశమునకు విజయనగరమున అప్పులవారి బెడద; ఊరు విడువవలసిన తొందర. బాలుని భయము ఆతనికి అక్కఱకు వచ్చెను. సెలవులలో చదువు చెప్పెదనను నెపమున ఆతడు కృష్ణరాయపురాగ్రహారమునకు బయలుదేఱును. బాలునకు కాపుదల, గురువునకు అన్నవస్త్రములు. ఇరువురకును లాభమే కదా యని పైకి తోచును. ఇక ఆతడు నేర్పిన విద్య యెట్టిది? చుట్ట కాల్చుట, పుస్తకముల పట్టిక వ్రాసి తండ్రి యొద్ద రూకలు రాబట్టుట, తల్లి ముచ్చటపడి ఇంగ్లీషున మాటలాడుమనగా, చిన్నపిల్లల పాట నొకదానిని సంభాషణవలె వల్లించి ఆమెను మురిపించుట. ఈ మూడింటను ఉన్న పాఠమొక్కటే: ఇంటివారికి తెలియనీయకుము.

ఇదంతయు చదువరులెఱిగినదే. ఎఱుగనిది, లేక నవ్వులో మఱచునది, మఱియొకటి కలదు. గిరీశము చెంత వేంకటేశము సంతోషముగా నున్నాడు. అది యేల? వాని చుట్టును ఉన్న మగవారిని లెక్కింపుడు. తండ్రి అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యములు ముఖ్యము. కొడుకుతో మాటలాడినచో డబ్బుమాట, కాకున్న కోపము. మేనమామ కరటకశాస్త్రి సూక్ష్మబుద్ధి. మేనల్లుని చేత పద్యము చదివించి, అర్థమడిగి, ఆ చదువు డొల్లయని కనుగొనును. కనుగొని యేమి చేసెను? ఒక ఎత్తిపొడుపు మాటతో సరిపుచ్చి తన పని చూచుకొనెను. లోపమును పట్టుకొనగల తెలివి ఆయనకు కలదు. దిద్దుటకు కావలసిన తీరిక లేదు. ఇక మిగిలినవాడు గిరీశము. ఆతడొక్కడే ఆ బాలునితో గంటలకొలది మాటలాడును. ఆంగ్ల మహాకవి పేరుపెట్టి వానిని పిలుచును. లోకవ్యవహారములను వానితో చర్చించినట్లు నటించును. తండ్రి నోట తిట్లు విని పెరిగిన పిల్లవానికి ఆ పిలుపు ఎంత తీపియో ఊహింపుడు.

ఈ నాటకము మాకు నేర్పిన సత్యమిది. బాలుడు మంచివాని వెంట పోడు, చెడ్డవాని వెంటను పోడు. తన్ను ఒక మనుష్యునిగా ఎంచి మాటలాడినవాని వెంట పోవును. బాలుని ప్రక్కనుండు పీట ఎన్నడును ఖాళీగా నుండదు. సజ్జనులకు తీరిక లేనిచో గిరీశమునకు కావలసినంత తీరిక. వేంకటేశమును చెఱిపినది గిరీశమే. కాని గిరీశమునకు పీట వేసినవారు తండ్రియు మేనమామయు. వారిద్దఱును దుర్మార్గులు గారు, పనులున్నవారు. ఇది చదువుచున్న గృహస్థులలో పనులు లేనివారెవరు?

నాటకమున మఱియొక గురుశిష్యుల జంట కలదు. దానిని విమర్శకులు అంతగా పట్టించుకొనలేదు. కరటకశాస్త్రికి ఒక శిష్యుడు, పేరు మహేశము. చిన్న మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధానుల కీయకుండ ఆపుటకై శాస్త్రి ఆ శిష్యునకు ఆడువేషము వేసి, కన్యగా అమ్మజూపి, పెండ్లి జరిపించి, ఆవల తప్పించును. తన పిల్లనిచ్చి పెండ్లి చేసెదనని శిష్యునకు ఆశ పెట్టును. ఉద్దేశము ఉత్తమము, సుబ్బి బ్రదికినది. ఆ బాలుని ధైర్యమును మెచ్చుకొనవలసినదే. కాని ఒక ప్రశ్న: పరుల యింట రాత్రులు గడపి, అబద్ధమాడి, పారిపోవలసిన ఆ పనిలో బాలునకేదైన కీడు మూడినచో పూచీ యెవరిది? శాస్త్రి ఆ లెక్క వేసినట్లు కానరాదు. గిరీశము స్వార్థమునకై బాలుని వాడుకొనెను; శాస్త్రి పరార్థమునకై వాడుకొనెను. వాడుకొనుట మాత్రము సమానము. సంస్కార ప్రియులమైన మనము ఈ రెండవదానికే ఎక్కువ వెఱవవలెను; మొదటిది మనము చేయము గనుక. ఊరేగింపులకు జెండాలు మోయుటకును, ఎన్నికలలో కేకలు వేయుటకును బాలురను పిలుచు పెద్దలు ఊరూర కలరు. పని తీఱిన మఱునాడు ఆ బాలుని పేరైన వారికి జ్ఞాపకముండదు.

ఇక సౌజన్యారావు పంతులు. నాటకమున నిష్కళంకుడైన పెద్దమనిషి ఆయన యొక్కడు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుట మంచిదని నిర్ణయించును. గిరీశమును సయితము చదువు ముగించి బాగుపడుమనును. మోసగానికి కూడ ఒక దారి చూపిన ఆ మహానుభావుడు, ఆ మోసగాని చేతిలో చదువుకొన్న పిల్లవాని మాట ఎత్తడు. ఎత్తుటకు ఆయనకు అవకాశమే లేదనవచ్చును. వేంకటేశమును ఆయన చూచియే యుండడు. మా అభ్యంతరము సరిగా అదియే. సౌజన్యారావుగారి మంచితనము కచేరీ సావడిలోనిది. వచ్చినవారికి తీర్పు చెప్పును. బాలుడు కచేరీకి రాడు. వాని యొద్దకు మనమే పోవలెను.

అప్పారావుగారికి ఈ సంగతి తెలియదా? ఆయనకంటె బాగుగా తెలిసినవారు అరుదు. తండ్రి గతించిన పిమ్మట బాలుడైన అప్పారావుగారిని విజయనగరము మహారాజావారి కళాశాలాధిపతి చంద్రశేఖరశాస్త్రిగారు చేరదీసి, తిండియు వసతియు ఉచితముగా నిచ్చి చదివించిరి. ఆ నీడననుండియే ఆయన 1882లో మెట్రిక్యులేషనును, 1884లో ఎఫ్.ఏ.ను పూర్తిచేసిరి. తండ్రిలేని ఆ బాలునకు విజయనగర వీథులలో గిరీశము వంటివాడు తటస్థించియున్నచో తెలుగువారికి కన్యాశుల్కము దక్కెడిది కాదేమో. గిరీశమును అంత సజీవముగా చిత్రించిన చేతిని ఒక మంచివాని చేయి పట్టుకొని నడపినది. అట్టివారిని నాటకమున ఒక్కరినైన చూపలేదేల?

ఇది లోపమనియే మేము చెప్పెదము. అప్పారావుగారి యందు మాకుగల గౌరవమునకు ఈ మాట అడ్డురాదు. సమర్థింప జూచువారు ఇట్లనవచ్చును: నిత్యము ఒక బాలుని ప్రక్కన కూర్చుండువాని బ్రదుకులో నాటకమునకు తగిన సంఘటన యేమున్నది? భోజనము పెట్టును, దీపమిచ్చును, ఈ దినమేమి చదివితివని యడుగును; మఱునాడును అదే. అందు హాస్యము లేదు, మలుపు లేదు. ఈ సమాధానము కొంతవఱకు ఒప్పదగినదే. అయినను దాని వలన చదువరి మనస్సున ఒక పొరపాటు అభిప్రాయము నాటుకొన్నది. సంస్కారమనగా ఉపన్యాసము, సభ, తీర్పు అని మనమనుకొనుటకు అలవాటు పడితిమి. ఉపన్యాసమును గిరీశమును ఇచ్చెను. మంచివానికిని వానికిని భేదము ఉపన్యాసము ముగిసిన తరువాత తెలియును.

నాటకము విడిచిన చోటును మన చరిత్ర కొంత పూరించినది. నాటకమున పేర్కొన్న వేశ్యానృత్య నిషేధోద్యమమునకు ఆంధ్రదేశమున పెద్దదిక్కైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఇరువదవ శతాబ్ది తొలి రెండు దశాబ్దములలో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. పేద విద్యార్థుల జీతములు తమ సంపాదన నుండి కట్టిరి. దిక్కులేని పిల్లలకు ఆశ్రయమిచ్చిరి. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. అయినను ఆయన శిష్యులు తలచుకొన్నది ఆ పదవిని గాదు, ఆయన సన్నిధిని. ఆ సన్నిధిలో మెలగినవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారొకరు, గుడిపాటి వేంకటచలముగారొకరు. ఈ యిరువురును తమ గురువు అడుగులలో అడుగు వేసినవారు గారు. ఒకరికొకరు పోలికయు లేదు. చలముగారి వ్రాతలలో ఎన్నింటిని నాయుడుగారి వంటి నియమపరులు ఒప్పుకొనియుండరు. మా దృష్టిలో అది గురువు యొక్క ఓటమి కాదు. గిరీశము తన ప్రతిరూపమును తయారుచేయజూచెను. నిజమైన గురువు శిష్యుని కాళ్లమీద శిష్యుని నిలిపి, ఆ కాళ్లు ఎటు నడచినను ఓర్చుకొనును.

కాకినాడ దాక పోనక్కఱలేదు. మా నెల్లూరి సీమలోనే ఒక ఉదాహరణ కలదు. అలగానిపాడున పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారిని ఎఱుగనివారు లేరు. ఆయన సోదరుడు డాక్టరు రామచంద్రారెడ్డిగారు నెల్లూరున ప్రజావైద్యశాలను నడపిరి. రోగులకు తక్కువ ఖర్చుతో మందిచ్చుటతో ఆయన తృప్తిపడలేదు. పల్లెల నుండి వచ్చిన యువకులను చెంత నుంచుకొని, ప్రాథమిక వైద్యము నేర్పి, తిరిగి పల్లెలకు పంపిరి. ఇందు గమనింపదగినది, ఆయన వారికి నీతిబోధ చేయుటకు ముందు ఒక పని చేతికిచ్చుట. బాలుడును, నూనూగు మీసముల యువకుడును ఉపదేశమును వినునట్లు నటింతురు. పనిని మాత్రము నిజముగా విందురు. తనకంటె పెద్దవాడొకడు తన చేతికి పనిముట్టునిచ్చి, "జాగ్రత్తగా చేయుము" అని ప్రక్కన నిలిచినపుడు, ఆ చేయి తనంత తాను నిలకడపడును.

ఇచ్చట రెండు ఆక్షేపణలకు బదులు చెప్పవలసియున్నది. మొదటిది: పరాయి మగవానిని నమ్మి పిల్లవాని నప్పగించుట అపాయకరము కాదా? అపాయకరమే. అందులకు గిరీశమే సాక్షి. చదువు చెప్పెదనని చొచ్చినవాడు ఆ యింటి వితంతుబాలికను లేవదీసికొనిపోయెను. ఇంగ్లీషు మాటలకు తల్లి మురిసెను. వ్యాజ్యపు కాగితములకు పనికివచ్చునని తండ్రి లొంగెను. వచ్చినవాడెట్టివాడని ఎవరును విచారింపలేదు. ఈ కాలమున పిల్లలమీద జరుగు అకృత్యములను వినుచున్న తల్లిదండ్రులు వెఱచుట న్యాయము. కనుక ఈ స్నేహము నలుగురు చూచు చోట జరుగవలెను: వసారాలో, గ్రంథాలయమున, పొలముగట్టున, ఆటస్థలమున. మూసిన తలుపు వెనుక గాదు. దుష్టుని గుర్తుపట్టుటకు నాటకమే ఒక గుర్తు నిచ్చుచున్నది. "ఇంట చెప్పకుము" అని బాలునకు నేర్పువాడు ఎంత చదివినవాడైనను, ఎంత తియ్యగా మాటలాడినను, గిరీశమే. ఇది తల్లిదండ్రులకే గాక బాలునకును ముందుగా చెప్పియుంచవలసిన మాట.

రెండవ ఆక్షేపణ: తల్లులు, అక్కలు, ఉపాధ్యాయినులు బాలురను పెంచలేరా? పెంచుచున్నారు. ఎన్నో యిండ్లలో వారే పెంచుచున్నారు. కన్యాశుల్కమున సౌజన్యారావుగారి కన్నులు తెఱపించి, గిరీశము నిజరూపమును బయటపెట్టినది ఒక స్త్రీయే. ఈ వ్యాసము వారి సామర్థ్యమును గుఱించి గాదు. మగవారి సోమరితనమును గుఱించి. స్త్రీలను గౌరవింపుమని తల్లి వేయిమాఱులు చెప్పవచ్చును. కాని మగవాడు స్త్రీయెడ ఎట్లు మెలగునో బాలుడు మగవానిని చూచియే నేర్చుకొనును. వేంకటేశము చూచినదేమి? వితంతూద్వాహమను గొప్ప మాట ఒక వితంతువును వంచించుటకు పనికివచ్చునని చూచెను. మంచిమాటలను పనిముట్లుగా వాడువానిని చూచి పెరిగిన పిల్లవాడు ఆ పిమ్మట ఏ మంచిమాటను నమ్మును? మనకు కావలసిన పురుషుడు ఉపన్యాసకుడు కానక్కఱలేదు. తాను తిన్న పళ్లెమును తానే కడుగుకొనుచు, భార్యతో మర్యాదగా మాటలాడుచు, తప్పు చేసినపుడు "పొరపాటైనది" అని పిల్లల యెదుట ఒప్పుకొనువాడు చాలును. అట్టివాడు వారమునకు రెండు సాయంకాలములు వీథి బాలురకు కనబడినచో, ఒక సభ చేయజాలని పని జరుగును.

మనుబోలు బాలుని మాట ఇంకను ముగియలేదు. ఆ రాత్రి అందఱును వెడలిన తరువాత మా మిత్రుడు ఒక సంగతి చెప్పెను. ఆ ప్రశ్న వేసిన బాలుడును ఆ యేడు పదవ తరగతి పరీక్షలో లెక్కలు తప్పినవాడే. తండ్రి లారీ డ్రైవరు. నెలలో సగము దినములు రహదారిమీదనే. "మా నాయనకు పాసయినానని చెప్పినా" అని వాడు మా మిత్రునితో అంతకుముందు దినముననే చెప్పుకొనెనట. తల్లికి తెలియును గాని, భర్తకు చెప్ప వెఱచినది. ఇన్ని సాయంకాలములు మా యెదుట కూర్చుండిన ఆ బాలుని మేము ఒక్క ప్రశ్నయు అడిగియుండలేదు. వేంకటేశము పరీక్ష తప్పినాడని బిగ్గరగా చదివి వినిపించుచు, అందఱితోపాటు మేమును నవ్వితిమి. ఆ నవ్వు వానికెట్లు వినబడెనో ఇప్పుడు తలచిన సిగ్గగును. సౌజన్యారావుగారిని మీద ఆక్షేపించితిమి. ఆ వసారాలో మేమును ఆయనకంటె భిన్నముగా మెలగలేదు.

మా మిత్రుడు సాహిత్యపరుడు గాడు. మాగాణి చేసికొను రైతు. రెండుదినముల పిమ్మట లారీ ఊరికి వచ్చినదని తెలిసి, ఆ బాలునితో కూడ వాని యింటికి పోయెను. గిరీశమును పరీక్ష తప్పిన బాలునితో వాని యింటికి పోయినవాడే. ఆతడు నిజము దాచుటకు పోయెను; మా మిత్రుడు నిజము చెప్పునపుడు ప్రక్కన నిలుచుటకు పోయెను. చెప్పినది బాలుడే. మిత్రుడు మాటలాడలేదు. తండ్రి కేకలు వేసెను. చేయి ఎత్తెను గాని, ఎదుట పెద్దమనిషి యుండుటచేత దింపెను. కొంతసేపటికి, "రేపట్నుంచీ ఏం జేస్తావురా?" అని యడిగెను. అది కోపముతో అడిగినదే యైనను ప్రశ్నయే. ఆ మఱునాటి నుండి బాలుడు తెల్లవాఱగనే మా మిత్రుని వెంట పొలమునకు పోయి, మోటారు వేసి, నీరు పాఱుచుండగా గట్టున కూర్చుండి లెక్కలు చేసెను. మా మిత్రునకు ఆ లెక్కలు రావు. తప్పినచోట మరల చేయుమనుట మాత్రము వచ్చును.

వేంకటేశము ఏమయ్యెనని అడిగిన బాలునకు ఇప్పుడు మా బదులిది. గురజాడవారు చెప్పలేదు; చెప్పవలసినది వారు గాదు. పరీక్ష తప్పి, ఇంటికి పోవ వెఱచి, వీథి మొగలో నిలుచున్న ప్రతి బాలుని వద్దను ఆ నాటకపు చివరి అంకము ఇంకను వ్రాయక మిగిలియున్నది. వాని ప్రక్కకు మొదట ఎవరు వత్తురో దానినిబట్టి అది నడచును. గిరీశము ఇదివఱకే బయలుదేఱియుండును. చదువరులలోని పురుషులు ఈ సాయంకాలము తమ వీథి మొగ దాక నడచి చూతురుగాక.